నాంచారమ్మ కొన్న ఎర్ర కారు

నాంచారమ్మకు మతి పోయిందనీ, మొగుణ్ణి గుద్ది చంపిన కారునే పద్దెనిమిదేళ్ల కూతురు యామినికి కొంటోందనీ పక్కింటి సామ్రాజ్యం వీధంతా చాటింది.

కార్లు వాటంతటవే నడిచే కాలం. “నేను స్టీరింగు ముట్టుకోలేదు, కారే గుద్దింది” అని దాని యజమాని పానకాలరావు అప్పట్లో తప్పించుకున్నాడు. కారుకు అన్నీ గుర్తుంటాయి గానీ, యజమాని అడిగితేనే నోరు విప్పుతుంది. ముహూర్తం దాటిపోతోందని నాంచారమ్మ తొందరపెడితే, ఆ జ్ఞాపకాలు తుడిపించకుండానే యామిని పేరున రాసిచ్చేశాడు.

కొబ్బరికాయ కొట్టే వేళకు నలుగురూ చేరారు. యామిని టైర్ల కింద నిమ్మకాయలు పెడుతోంది.

“పిల్లకి కొత్తది కొనాల్సింది చెల్లెమ్మా, ఈ పాతదెందుకు?” అన్నాడు పానకాలరావు.

“ఆ రోజు స్టీరింగు ఎవడి చేతిలో ఉందో నా కూతురు ఇప్పుడు దీన్ని అడుగుతుంది. నిలబడి విను.”