ఇసుక పొర

"ఈ ఇసుక ఎప్పటిదప్పా?" గుంత గోడలో జానెడు మందాన ఉన్న పొరను చూపిస్తూ అడిగాడు శేషాచారి. పుంగనూరు దగ్గర ఈ వేసవికి ఎండిపోయిన ఆ చెరువు ఏయే కాలాలు చూసిందో పొరలను బట్టి తేల్చడానికి మదనపల్లె నుంచి వచ్చాడాయన.

"జాహెదా పోయిన ఏటిదయ్యా," అన్నాడు గుంత తవ్వుతున్న ముక్తియార్.

గంపలోకి మట్టి ఎత్తుతున్న అతని రెండో పెళ్లాం బద్రున్నీసా పళ్లు కొరికింది. ఆవును కొన్నదీ, ఇల్లు కప్పిందీ, చివరికి సరిహద్దులో యుద్ధం మొదలైందీ ముగిసిందీ కూడా ఈ మనిషికి మొదటి పెళ్లాం పేరుతోనే గుర్తు.

"ఆ ఏడు పై చెరువు కట్ట తెగి ఇసుకంతా ఈడికొచ్చి పడింది. ఆమెను గూడా ఆ నీళ్లే తీసకపోయినాయి."

"దాని పైనున్న సన్న గీతలు?"

"అవన్నీ ఈమె వచ్చినాక పడినేవి."

బద్రున్నీసా గంప దించింది. "ఆమెకు జానెడు, నాకు గోరంత. మట్టికి గూడా తెలిసినట్టుండాది."

శేషాచారి నవ్వలేదు. "కాదమ్మా. ఆ ఇసుకను వరద ఒక్క రోజులో తెచ్చి పోసింది. నీళ్లు నెమ్మదిగా నిలిచిన ఏళ్లలోనే ఇంత సన్నటి ఒండ్రు పేరుకుంటుంది, ఏడాదికో గీత."

ఆమె ఆ గీతలను వేలితో కింది నుంచి పైకి తడుముతూ పోయింది.

శేషాచారి చీటీ తీశాడు. "ఇసుక పొరకు ఏమని రాయను?"

ముక్తియార్ నోరు తెరిచేలోగా ఆమే చెప్పింది. "జాహెదా పోయిన ఏడు అని రాయండయ్యా."

"మరి పైదానికి?"

"దానికి పేరొద్దు. అది ఇంకా పడతానే ఉండాది."