నాలుగో టేకు

“ఇంటాయన ఎదురుగా కూర్చుంటే ఆవిడకి నోరు పెగలదు. కాసేపు బయటికి పంపించు,” అంది సౌండ్ చూసే అమ్మాయి.

డైరెక్టర్‌కి అప్పటికే ముచ్చెమటలు పోస్తున్నాయి. ఫిల్మ్ స్కూల్లో ఇది అతని చివరి ఏడాది. నిరుడు ఒకసారి తప్పాడు. ఈ సినిమా కూడా తప్పితే పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆ స్కూల్లో ఇరవై దేశాల పిల్లలు చదువుతారు. అందుకే అక్కడొక నియమం ఉంది. ఎవరు సినిమా తీసినా తనకు రాని భాషలో ఒక్క సీనైనా ఉండాలి. మనవాడు చచ్చిపోయిన కొడుకు చొక్కాతో మాట్లాడే తల్లి సీను రాసుకున్నాడు. తల్లి వేషానికే మనిషి దొరకలేదు. చివరికి, షూటింగ్‌కి ఇల్లు ఊరికే ఇచ్చిన పెద్దమనిషి తన ఇంట్లో పనిచేసే ఆవిడను చూపించాడు. ఎక్కడో దూరదేశపు మనిషి. ఆవిడ భాష స్కూల్లో ఎవరికీ రాదు. ఇంటాయనకి మాత్రం పని చెప్పడానికి సరిపడా వచ్చు. సీను ఆయనే వివరించాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు డైరెక్టర్.

ఇంటాయన్ని కాఫీ మిషతో వరండాలోకి పంపి తలుపు మూశారు.

ఆవిడ చొక్కా చేతిలోకి తీసుకుంది. మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత గట్టు తెగినట్టు మాట్లాడింది. కెమెరాలోకి చూడకూడదన్నది మొదటి పాఠం. ఆవిడ తిన్నగా అందులోకే చూసింది. మధ్యలో మూడు వేళ్ళు చూపించింది. ‘నువ్వు పోయి మూడేళ్ళయింది’ అన్న మాట స్క్రిప్టులో ఉండనే ఉంది. డైరెక్టర్ పొంగిపోయాడు.

అక్కడితో వదిలెయ్యొచ్చు. ఆశ ఊరుకుంటుందా? ఇంకో టేకు అడిగాడు. మళ్ళీ ఇంకోటి. నాలుగో టేకుకి ఆవిడ గొంతు జీరపోయింది. అదే బాగుందన్నాడు.

“నాలుగుసార్లూ ఒక్క అక్షరం మారలేదు. మన మాటలే అంటోందో లేదో ఎవరికైనా వినిపిద్దామా?” అంది సౌండ్ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీస్తూ.

“ఏడుపుకి భాషేమిటి? ఆవిడ పుట్టుకతోనే నటి.”

సామాను వ్యానులోకి ఎక్కించేటప్పుడు ఆవిడే లైట్లు మోసింది. అన్నీ ఎక్కాక చిన్న చేతిసంచి పట్టుకుని వ్యాను పక్కనే నిలబడింది. సాగనంపడానికి కాబోలనుకున్నాడు డైరెక్టర్. “వెళ్ళొస్తాం పిన్నీ” అని, చొక్కాను గుర్తుగా ఆ సంచిలో పెట్టాడు. ఇంటాయన గేటు తాళం తీశాడు. వ్యాను దాటగానే మళ్ళీ వేసుకున్నాడు.

సబ్‌టైటిల్స్ స్క్రిప్టు చూసి టైపు కొట్టేశారు. గడువు నెత్తిమీద ఉన్నప్పుడు అంతకు మించి ఎవరు ఆలోచిస్తారు?

సినిమా వేసిన రోజు ఇంటాయన ముందు వరసలో కూర్చున్నాడు. ఆ సీను నడుస్తుండగానే లేచి వెళ్ళిపోయాడు. దుఃఖం ఆపుకోలేకపోయాడు పాపం అనుకున్నారంతా. సినిమాకి మొదటి బహుమతి వచ్చింది. చివర వేసిన కృతజ్ఞతల్లో మొదటి పేరు ఆయనదే. వారం తర్వాత డైరెక్టర్ పిన్నికి పూలు పట్టుకెళితే, ఆవిడ ఊరెళ్ళిపోయిందని ఇంటాయన గేటు దగ్గరే చెప్పి పంపేశాడు.

ఏడాది తిరిగింది. డైరెక్టర్ ఇప్పుడు అదే స్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. కొత్త బ్యాచ్ చేరగానే ముందు అతని సినిమానే వేస్తారు. ఈసారీ హాలంతా చప్పట్లు కొట్టింది. మూడో వరసలో ఒకమ్మాయి మాత్రం కొట్టలేదు. పిన్ని దేశం నుంచి ఆ స్కూలుకి వచ్చిన మొదటి విద్యార్థి ఆ అమ్మాయే.

అందరూ వెళ్ళాక అతని దగ్గరికి వచ్చింది.

“సార్, ఆవిడ కొడుకు గురించి ఒక్క మాట కూడా అనలేదు, ‘ఈ ఇంటాయన మూడేళ్ళుగా నన్ను ఇంట్లో పెట్టి తాళం వేస్తున్నాడు, చంపేస్తాడేమో, మీరు వెళ్ళేటప్పుడు నన్నూ బండిలో తీసుకుపోండి’ అని అడిగింది, తీసుకెళ్ళారు కదా?”