కొత్తరాయుడి మందు

మనిషికంటే ముందు దగ్గు మెట్లెక్కింది.

దాని వెనకాల ఒక పెద్దాయన వచ్చాడు. మెడకు గుడ్డ, గుడ్డ మీద పచ్చటి తడి, చంకలో పాత ల్యాప్‌టాప్.

కొత్తరాయుడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఆదివారం ఆదివారం ఆ మేడమీది గదిలో చేరే కంప్యూటర్ పిచ్చివాళ్లకు కొత్తరాయుడే పెద్ద. కొత్త సిస్టమ్ ఏది వచ్చినా, చేసినవాళ్లు చేతులు కడుక్కునేలోపే తన పెట్టెలోకి ఎక్కించేవాడు. పెట్టె వేడెక్కినా, నత్తలా నడిచినా, మీట ఊడినా ఆయన దగ్గర ఒకటే మందు. పాతది తుడిచెయ్, కొత్తది ఎక్కించెయ్! తలనొప్పి అన్నవాడి తల కూడా తుడిచి కొత్తది ఎక్కించేవాడే, పెన్‌డ్రైవ్ గుచ్చడానికి చోటు దొరక్క ఊరుకున్నాడు.

పోయిన వారం ఆ మందే వాళ్లమ్మ కంప్యూటర్‌కీ వేశాడు.

ఆవిడకు చూపు లేదు. పాత సిస్టమ్‌లో ఒక మగగొంతు తెర మీదున్నదంతా ఆవిడకు చదివి వినిపించేది. కాస్త ముక్కుతో పలికే గొంతు. ఆవిడ దానికి ‘తమ్ముడు’ అని పేరు పెట్టుకుంది. “తమ్ముడూ, ఇవాళ పేపర్లో ఏముందోయ్?” అని పలకరించాకగానీ మీట నొక్కేది కాదు.

కొత్త సిస్టమ్‌లో ఆ గొంతు లేదు. వేరేది ఉంది.

“ఇది మనిషా, రేకు డబ్బాలో గులకరాళ్లా?” అంది ఆవిడ. “మీ నాన్న పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేది వాడొక్కడే. మేనమామను మెడపట్టి గెంటేశావు కదరా!”

అప్పటినుంచి ఆవిడ ఏదీ వినదు. భోజనం సగంలో వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంటోంది.

పాత డిస్కులు వెతికితే పొరలు లేచి, బూజు కంపు కొట్టాయి. చివరికి పాత సిస్టమ్‌లంటే ప్రాణం పెట్టే స్నేహితుణ్ని, తానే ‘పాతాళం’ అని పేరుపెట్టి ఏడిపించేవాణ్ని బతిమాలుకున్నాడు.

“ఎక్కడైనా ఒక్క పెట్టెలో ఆ సిస్టమ్ మిగిలుందేమో చూడరా. అమ్మ ముఖం చూడలేకపోతున్నాను.”

“నడిచే మ్యూజియం అన్నావుగా నన్ను? చూస్తాలే,” అన్నాడు పాతాళం.

అతను ఏ కబురూ చెప్పకముందే, ఇదిగో ఈ దగ్గు.

పెద్దాయన ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి మూత తెరవబోయాడు. ఇంతలో దగ్గు ముంచుకొచ్చింది. గుడ్డ కింద గురగురమంది. బల్ల మీద ఒక తుంపర పడింది.

“ఆగండాగండి! ముట్టుకోకండి!”

కొత్తరాయుడు చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో ల్యాప్‌టాప్‌ను తనవైపు లాక్కున్నాడు.

“ఏమైంది దీనికి?”

పెద్దాయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. తన గొంతు చూపించాడు. ల్యాప్‌టాప్ చూపించాడు. చెవి చూపించాడు.

“గొంతుకైతే డాక్టర్ దగ్గరికెళ్లాలండీ!”

మూలనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

పెద్దాయన రాస్తానన్నట్టు వేళ్లు ఆడించి, కొత్తరాయుడి జేబులోని పెన్నువైపు చెయ్యి చాచాడు.

కొత్తరాయుడు పెన్నును జేబు అడుగుకు తోసేశాడు.

ఫోను మోగింది. పాతాళం. చేతులకు స్పిరిట్ పూసుకుంటున్నవాడు ఎత్తలేదు. మళ్లీ మోగితే మోచేత్తో నొక్కి ఆపేశాడు.

“అర్థమైందిలెండి. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, గుమ్మం పక్కది.”

ఆ పెట్టె తెరిచి లోపల ఏముందో చూడాలన్నా వాంతి వచ్చేట్టుంది. వదిలించుకుంటే చాలు. ముఖం పక్కకు తిప్పుకునే పెన్‌డ్రైవ్ గుచ్చాడు, పవర్ నొక్కాడు, అది అడిగినవాటన్నిటికీ ‘అవును’ కొట్టాడు.

తెర మీద నీలిగీత పాకడం చూసి పెద్దాయన లేచాడు. రెండు చేతులూ ఊపుతూ మీదికొచ్చాడు. మెడ మీది గుడ్డ జారింది. మెడలో చిల్లు, చిల్లులో బుడగ. ఆ బుడగ చిట్లి కొత్తరాయుడి చొక్కా మీద పడింది.

“ఛీ ఛీ! దూరం జరగవయ్యా! ఇప్పుడాపినా పాతది తిరిగి రాదు!”

పెద్దాయన చేతులు దించేశాడు. గీత చివరిదాకా పాకింది.

“తీసుకెళ్లండి. కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.”

ఆయన నిలబడే ఏదో టైపు చేసి, ఒక మీట నొక్కి, చెవి ఆనించాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆనించాడు. ఆ తర్వాత మూత మూసేసి, గుడ్డ కట్టుకుని, జేబురుమాలుతో తాను కూర్చున్న కుర్చీ తుడిచి వెళ్లిపోయాడు.

దగ్గు మెల్లగా మెట్లు దిగింది.

కొత్తరాయుడు చొక్కా విప్పి కుళాయి కింద రుద్దుతుండగా పాతాళం రొప్పుతూ వచ్చాడు.

“ఫోనెత్తి చావవేరా? ఆయనొచ్చారా? మెడకు గుడ్డ కట్టుకుని...”

“నువ్వు పంపావా ఆ కఫం బస్తాని? నా చొక్కా చూడు!”

“ఒరేయ్, మీ అమ్మ అడిగిన సిస్టమ్ ఇంకెక్కడా లేదు, ఆయన ల్యాప్‌టాప్‌లో తప్ప. ఆవిడ సంగతి చెప్పగానే, నేనే వెళ్లి ఇచ్చొస్తానని బయల్దేరారు. తీసుకున్నావా కాపీ?”

చొక్కా మీదినుంచి నీళ్లు పోతూనే ఉన్నాయి.

“తుడిచేశాను.”

“చొక్కా సంగతి కాదురా.”

“నేనూ చొక్కా సంగతి చెప్పట్లేదు.”

పాతాళం గుమ్మం పక్క కుర్చీలో కూలబడ్డాడు.

“జబ్బు చేసి గొంతు తీసేశాక, ఎవరితో ఏం మాట్లాడాలన్నా అందులో టైపు చేసేవారురా. ఆ సిస్టమ్ చేసినప్పుడు రికార్డు చేసింది ఆయన గొంతే, అందుకే అది ఆయన పాత గొంతుతోనే పలికేది. మీ అమ్మ రోజూ తమ్ముడూ తమ్ముడూ అని పలకరించింది ఆయన్నేరా.”