లాంతరు ముసలాయన

స్వరూప కాలు తగిలి పంజరం బోర్లాపడింది.

"ఏంది తాతా, మెట్ల మీదనే పెడతవా? జర పక్కకు పెట్టుకోరాదు!"

"తప్పయింది బిడ్డా," అంటూ గౌరయ్య పంజరాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

పంజరంలో చిలక లేదు. చిలకల్ని పెంచొద్దని ఫారెస్టు వాళ్లు చెబితే తన చేతులతోనే వదిలేశాడు. అయినా రోజూ పొద్దున్నే కోదాడ బస్టాండు ఎదురుగా, ఆ మేడ మెట్ల కింద, ఖాళీ పంజరం ముందేసుకుని కూర్చుంటాడు. చిలక లేని చిలక జోస్యం ఎవడికి కావాలి? పిచ్చి కాకపోతే!

మేడ మీద స్వరూప గది. కిటికీకి ‘టారో కార్డులు చూడబడును’ అని ఫ్లెక్సీ. మొగుడితో తెగతెంపులయ్యాక ఆమె కొన్నాళ్లు చివ్వెంలలో అన్న ఇంట్లో ఉంది. అక్కడ కంచంలో అన్నంతో పాటు వదిన మాటా పడేది. బొమ్మల కార్డులు తీయించి జోస్యం చెప్పే ఈ విద్యను ఫోనులో చూసి నేర్చుకుని, గది కిరాయికి తీసుకుంది. ఇది నడవకపోతే మళ్లీ ఆ ఇంటికే పోవాలి.

హడావిడిలో ఆమె సంచిలోంచి ఒక కార్డు జారింది. గౌరయ్య తీసి చూశాడు. కొండ మీద ముసలాయన, చేతిలో లాంతరు.

"గీ పెద్దమనిషెవరు బిడ్డా?"

"సన్యాసి. ఎవ్వరూ లేనోడు. పొద్దున లేసి నా కోసం నేను కార్డు తీస్తే ఈ మొఖమే వస్తది."

"గట్లనా! మరి లాంతరెందుకు?"

"నాకు పనున్నది తాతా," అని కార్డు లాక్కుని పైకెళ్లిపోయింది.

పని నిజంగానే ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చేవారు. పిల్ల పెళ్లి, కొడుకు కొలువు, తాగొచ్చే మొగుడు. అంతా ఫ్లెక్సీ మహిమే అనుకుంది స్వరూప. వాళ్లు వస్తేనే ఆమెకు మాట. దిగిపోయారంటే ఇక గోడలతోనే కాపురం.

ఒకనాడు రేణుకమ్మకు ఆ కార్డే పడింది. మిర్యాలగూడలో రైసుమిల్లు కూలి, మొగుడు పోయిన మనిషి. బొమ్మ చూసి బెదిరిపోయింది.

"నేనిట్ల ఒక్కదాన్నే ఉండిపోతనా అమ్మా?"

"కాదమ్మా. ఈయన కొండెక్కేసిండు. ఇగ ఆయనకు లాంతరుతో పనేమున్నది? ఎనక వచ్చేటోళ్లకు దారి కనబడాలని పట్టుకున్నడు. నీకు గూడ అసుంటి మనిషొకరు ఉండే ఉంటరు. గుర్తువట్టు."

రేణుకమ్మ కళ్లొత్తుకుంది. ఎంత బాగా చెప్పానని స్వరూపకే ముచ్చటేసింది.

ఆ సాయంత్రమే కింద సెల్‌ఫోన్ షాపు శ్రీహరి దగ్గరికి వెళ్లింది. మేడ ఆయనదే.

"ఆ ముసలాయన్ని పంపించెయ్యన్నా. ఖాళీ పంజరం ఎదురొస్తే పైకెవరొస్తరు? నన్ను గూడ చిలక జోస్యం లెక్కనే సూస్తరు."

"పాపం, ఆయన ఎవరికి అడ్డమమ్మా?"

"ఆయనన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

శ్రీహరి మాత్రం ఏం చేస్తాడు?

మర్నాడు గౌరయ్య పంజరం భుజానికి తగిలించుకుని, కిటికీ వంక తలెత్తి, "పోయొస్త బిడ్డా!" అని కేకేశాడు. అందరినీ బిడ్డా అంటాడు, అదో అలవాటు. స్వరూప కిటికీ రెక్క మూసేసింది.

ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడే లేదు. ఫ్లెక్సీ ఇంకా పెద్దది కట్టించింది. ఫోనులో వీడియోలు పెట్టింది. ఊహూ. కార్డులు కలపడం, పరవడం, మళ్లీ కట్టకట్టడం. రోజంతా నోరు విప్పే పనే లేదు. ఆ మధ్య ఒకసారి శ్రీహరి మాత్రం మెట్లెక్కి వచ్చాడు.

"గౌరయ్య చనిపోయాడంట. మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. మీకు చెప్పమన్నారు."

"అయ్యో," అంది స్వరూప. నాకెందుకు చెప్పమన్నారో అనుకుని ఊరుకుంది.

ఇక లాభం లేదని అన్నకు ఫోన్ చేసి, వచ్చేస్తానని చెప్పింది. పక్కన వదిన గొణుగుడు వినిపించింది. ఫోన్ పెట్టేసి ఏడ్చింది.

సామాను సర్దుతుంటే గుమ్మంలో రేణుకమ్మ. స్వరూపకు ప్రాణం లేచొచ్చింది.

"దా అమ్మా, కూసో. కార్డు తీస్తవా?"

రేణుకమ్మ కూర్చోలేదు.

"కార్డు కోసం రాలే. నీ మొఖం ఒక్కసారి సూసి పోదామని వచ్చిన."

"ఏమైందమ్మా?"

"ఫోన్ చేపిచ్చినం గద. ఈడికెల్లి వచ్చి మా మిల్లు కాడనే ఉండె గద, హమాలీలంత చందాలేసుకుని గౌరయ్యను సాగనంపిండ్రు. నువ్వొస్తవని పొద్దుగూకేదాంక శవాన్ని ఆపినం. రాకపోతివి."

స్వరూప తెల్లబోయింది.

"పాపమే గాని, నేనెందుకొస్తనమ్మా? ఆయన నాకేమైతడు?"

రేణుకమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఏమైతడా? ఎరగని మేడ ఎక్కనీకె మేము జంకుతుంటే, ‘పైన కూసున్నది నా కన్నబిడ్డే, భయం లేకుంట పోండ్రి’ అని ఇన్నాళ్లు మమ్మల్నందర్ని నీ దగ్గరికి తోలినోడు మీ నాయిన గాడా?"