నీళ్ళు దిగేదాకా

"మళ్ళీ వచ్చింది చూడు ఆవిడ," అన్నాడు శశికాంత్ హెల్మెట్ సర్దుకుంటూ.

గట్టు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చున్న మార్గరెట్ వైపు చూసింది శ్రీవిద్య. తొంభైకి దగ్గర పడిన అమెరికన్ ముసలావిడ. ఈ పాత డ్యామ్‌ను కూల్చడానికి రిజర్వాయర్ ఖాళీ చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి రోజూ వస్తోంది.

"దీన్ని కట్టిన ఇంజనీర్ ఆవిడ నాన్నేనట. ఈ కొండల్లోకి మొదట కరెంట్ తెచ్చింది ఆయనే," అన్నాడు శశికాంత్.

"పాపం, కళ్ళ ముందే కూలుతుంటే చూడాలంటే కష్టమే."

"కష్టమా? ఊరి మీటింగ్‌లో అందరూ వద్దంటుంటే, కూల్చేయండని పట్టుబట్టింది ఈవిడొక్కతే. నాన్న మీద ఏదో కోపం ఉండి ఉంటుంది."

లంచ్ బ్రేక్‌లో శ్రీవిద్య కాఫీ తీసుకెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"మీ నాన్నగారి గురించి విన్నాను," అంది ఇంగ్లీషులో.

మార్గరెట్ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

"నీళ్ళతో దీపాలు వెలుగుతాయంటే ఊరంతా నవ్విందట. నడుముకు తాడు కట్టుకుని, చలికాలంలో ఈ ఏట్లో దిగి ప్రవాహం కొలిచాడు. మొదటి బల్బు వెలిగిన రోజు ఆ నవ్వినవాళ్ళే భుజాల మీద ఊరేగించారట."

"ఇంట్లో ఎలా ఉండేవారు?"

"ఇంట్లో ఉంటేగా. లైట్లు మిణుకుమంటే చాలు, భోజనం వదిలేసి ఇక్కడికి పరిగెత్తేవాడు. నాకు ఏడేళ్ళప్పుడు ఒకసారి అలాగే మధ్యలో లేచి వచ్చేశాడు. ఆ తర్వాత మా ముఖం చూడలేదు. అమ్మ మాత్రం బతికున్నంతకాలం ఆయన కంచం బల్ల మీద పెడుతూనే ఉంది."

శ్రీవిద్యకు శాన్ రామన్‌లో ఇంటి దగ్గరున్న కూతురు రియా గుర్తొచ్చింది. "అమ్మా, దిస్ వీకెండ్ కూడా రావా?" అని పొద్దున ఫోన్‌లో అడిగితే, పనుందని చెప్పి పెట్టేసింది. ఆ పిల్ల మనసులో తానూ ఇలాగే మిగిలిపోతుందేమో.

"అంటే ఆయనకి మీకంటే ఈ డ్యామే ఎక్కువైంది," అంది గొంతు తగ్గించి. "ఇప్పుడు మేం దీన్ని పగలగొడుతుంటే మీ కోపం కొంచెమైనా తీరుతోందా?"

మార్గరెట్ మొదటిసారి ఆమె వైపు తిరిగింది. కళ్ళు నిండి ఉన్నాయి. నీళ్ళు దిగి అప్పుడప్పుడే బయటపడుతున్న బురదను చూపించింది.

"కోపమా?" అంది.

"నాన్న ఇంకా ఆ నీళ్ళ అడుగునే ఉన్నాడు."