అటక మీది బుస

పెళ్ళిచూపులవాళ్ళ ఆటో సందు మొదట్లో ఆగిందని ఫోన్ వచ్చిన నిమిషంలోనే అటక మీద బుస మొదలైంది.

రమణమూర్తి తలెత్తి పైకి చూసి, కూతురి మీద విరుచుకుపడ్డాడు. "సెప్పేనా నేదా? తీయించేద్దారంటే ఇన్నావా? ఇప్పుడేటి సేత్తావ్?"

"ఎగరడం రాని పిల్లల్ని ఎక్కడ పారీమంటావు నాన్నా?" అంది రోజారమణి కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "రెక్కలొస్తే అవే పోతాయి."

"అవి సావుపిట్టలే! ఇంట్లో సావుపిట్టలున్నాయని తెలిస్తే ఈ సంబంధం గుమ్మంలోంచే ఎనక్కి పోద్ది."

వన్ టౌన్‌లోని ఆ పాత పెంకుటింటి అటక మీద గుడ్లగూబ మూడు పిల్లల్ని పొదిగింది. చుట్టూ గోడౌన్లే, ఎలకలకి కొదవ లేదు. పగలంతా పిల్లలు గుట్టుగా పడుకుంటాయి. చీకటి పడుతూనే తల్లి వేటకి వెళ్ళిపోతుంది. ఇక ఆకలికి పాముల్లా బుసలే బుసలు. అందుకే చూపులవాళ్ళని పొద్దున్నే రమ్మన్నారు. తీరా పెళ్ళికొడుకు సింహాద్రి స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగి, పద్మనాభంలోని ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళని తీసుకొచ్చేసరికి దీపాలవేళయింది.

సింహాద్రితో వాళ్ళ నాయనమ్మ కాశమ్మ, మేనమామ గురువులు వచ్చారు. గురువులు సంగతి మధ్యవర్తి ముందే చెప్పి హెచ్చరించాడు. పిల్లి ఎదురొచ్చిందని ఒక సంబంధాన్ని, గుమ్మంలో ఎవరో తుమ్మారని ఇంకో సంబంధాన్ని వదిలేసిన మనిషి.

రోజారమణి అందరికీ కాఫీ ఇచ్చి కూర్చుంది.

"ఏటి సదువుకున్నావమ్మా?" అన్నాడు గురువులు.

"బీకామండి."

పైనుంచి పొడుగ్గా ఒక బుస.

గురువులు గ్లాసు ఆపేశాడు. "ఏటా సప్పుడు?"

"కుక్కరండి," అంది రోజారమణి తల్లి సన్యాసమ్మ కంగారుగా.

"కుక్కరు అటక మీదెట్టేవేటి సెల్లెమ్మా?"

సన్యాసమ్మ మొగుడి వైపు చూసింది. రమణమూర్తి నుదురు తుడుచుకున్నాడు. గుడ్లగూబ కంటే ఏదైనా నయమేననిపించి, నోటికొచ్చింది అనేశాడు.

"పామండి."

గురువులు కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లేచాయి. "పామా! నెత్తి మీద పామునెట్టుకుని కాఫీలిత్తన్నావేటి బావా?" అంటూ ఫోన్ తీశాడు. "అబ్బులని ఒకడున్నాడు, ఇక్కడే హార్బర్ కాడ. ఇప్పుడే వొచ్చి కొట్టి పారేత్తాడు."

రోజారమణి దిగ్గున లేచింది. "ఒద్దండి!" ఆ గొంతు తనకే గట్టిగా వినిపించింది. "అది పాము కాదండి..."

"అమ్మీ!" అన్నాడు రమణమూర్తి. ఆ ఒక్క మాటలో కోపం ఉంది, బతిమాలుకోవడమూ ఉంది.

సింహాద్రి అప్పటికే లేచి నిలబడ్డాడు. అందరూ అటక వైపు చూస్తుంటే అతను రోజారమణి మొహం వైపు చూస్తున్నాడు.

"అబ్బులెందుకు మావయ్యా, నాను సూసొత్తాను."

నిచ్చెన వేశారు. కాశమ్మ మాత్రం కదల్లేదు. కూర్చున్నచోటే తీరుబడిగా కాఫీ చప్పరిస్తోంది. రోజారమణి పరుగున వెళ్ళి నిచ్చెన పట్టుకుంది. సంబంధం పోతే పోనీ అనుకుంది. అతను పైమెట్టు దగ్గరికి వెళ్ళాక, అతనికొక్కడికే వినపడేలా అంది. "మూడున్నాయండి. చిన్నపిల్లలు. వాటినేం సెయ్యకండి."

అతను ఇంకో మెట్టెక్కాడు. అటక తలుపు తోసి లోపల సెల్‌ఫోను లైటు వేశాడు. బుస ఆగిపోయింది. అతను మోకాళ్ళ మీద లోపలికి పాకాడు. కింద సన్యాసమ్మ కనపడ్డ దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది.

చివరికి దిగాడు. మోకాళ్ళ నిండా దుమ్ము, భుజం మీద దూదిలాంటి తెల్లటి నూగు.

"ఏట్రా?" అన్నాడు గురువులు.

"పామే మావయ్యా."

రోజారమణి తలెత్తి చూసింది.

"ముసలి జెర్రిపోతు. ఎవర్నీ ఏటీ సెయ్యదు," అన్నాడు సింహాద్రి తాపీగా. "కుబుసం ఇడిసే టయిమది. ఇప్పుడు కదిపితే ఇంటికి మంచిది కాదంటారు. ఓ నెల దాకా ఎవలూ అటక జోలికెల్లకండి. ఆనక దానంతటదే పోద్ది."

మంచిది కాదన్న మాట వింటూనే గురువులు ఫోన్ జేబులో పెట్టేశాడు. "అయితే ముట్టుకోకు బావా. నెల్రోజులెంతలోకి పోతాయి?"

రమణమూర్తి అటక వైపు చూశాడు. తను చెప్పిన పాము నిజంగానే ఉందేమోనని ఒక్క క్షణం అతనికే అనుమానం వచ్చింది. రోజారమణి తల వంచుకుంది. అందరూ సిగ్గనుకున్నారు. నవ్వు ఆపుకోవడం ఆమెకి గండంగా ఉంది.

పిల్ల నచ్చిందని, ముహూర్తం సంగతి ఫోన్లో మాట్లాడుకుందామని చెప్పి గురువులు ఆటో కోసం సందులోకి నడిచాడు. సింహాద్రి ఆ వెనకే వెళ్తూ మలుపులో ఒకసారి తిరిగి చూశాడు.

కాశమ్మ గుమ్మంలోనే ఆగింది. మనవడి భుజం మీంచి ఎప్పుడు తీసిందో, ఆ తెల్లటి నూగు ఆమె వేళ్ళ మధ్య ఉంది. దాన్ని రోజారమణి అరచేతిలో పెట్టి, గుప్పిట మూసింది. తరవాత చెవి దగ్గరికి వంగింది.

"ఓలమ్మీ, మా ఇంటికొచ్చేక అటక మీద బుసినపడితే బెదిరిపోకు. అక్కడా జెర్రిపోతే ఉందని మూడేళ్ళ బట్టి సెప్పతన్నాడు మావోడు. దానికీ రెక్కలున్నాయి."