మొదటోళ్ళ మాటేంది?

"ఇంగోసారి చదువు" అనింది కృపావతి.

"మూడు దినాల నుంచి ఇదే పేజీ గదత్తా! ఆ భక్తుని కథ అయిపాయె. పోయిన గొడ్లు రెండింతలు వచ్చె, సచ్చిపోయిన పిల్లోళ్ళకు బదులు మళ్ళా పిల్లోళ్ళు పుట్టిరి. ఇంక ముందుకు పోదాం" అనింది కోడలు సలోమి.

"బదులా? మరి మొదటోళ్ళ మాటేంది? వాళ్ళ గురించి దేవుడు ఒక్క ముక్కన్నా చెప్పినాడా?"

ఆళ్ళగడ్డలో ఆ ఇంట్లో పొద్దున్నే బైబిలు వాక్యం చదివితే గాని పొయ్యి మీదికి కాఫీ ఎక్కదు. కృపావతికి చదువు రాదు. చదివేది కోడలు, అడ్డం తగిలేది అత్త.

"అమా, నంద్యాల బస్సు పోతాది. కాఫీ అన్నా ఇప్పియ్" అని గడపలోంచి మొత్తుకున్నాడు అజయ్ కుమార్. నంద్యాలలోనే రైస్ మిల్లులో పని.

"ఒగ పూట తాగకుంటే ఏం కాదులే, చిన్నోడా!"

ఒక్కగానొక్క కొడుకు. ముప్పై దాటినా ఆ గారాబం పిలుపు మాత్రం పోలేదు. నవ్వుకుంటా పోయినాడు మహానుభావుడు, ఉత్త కడుపుతోనే.

"పాస్టరయ్యను అడిగితివి గదత్తా?"

"అడిగినా. పరలోకంలో తెలుస్తాదంట. ఆడిదాకా ఎవురు ఆగేది? నువ్వు చెప్పు."

సలోమి నిరుడు పురిట్లోనే పాపను పోగొట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే చాలు, 'పోయిందే మళ్ళా వచ్చింది' అని అందరూ సంబరపడతారు. ఇంక ఆ పసిగుడ్డును తలుచుకునేవాళ్ళెవరు?

టపీమని పుస్తకం మూసేసింది.

"నేనేం చెప్పేదత్తా? కొత్త బిడ్డను ఎత్తుకుంటే పాత బిడ్డను మరిచినట్టే గదా! ఆ పాపం నేను చెయ్యలేను!"

అనేసి నాలుక్కరుచుకుంది. చెయ్యి అప్పటికే కడుపు మీదికి పోయింది.

కృపావతి ఏమాత్రం ఆశ్చర్యపడలేదు. "వారం నుంచి చూస్తాండా. తిరగమోత వాసనకే పెరట్లోకి పరిగెత్తుతాండావు. ఎన్నాళ్ళు దాస్తావ్ మే, పిచ్చిదానా?" అని కోడల్ని దగ్గరికి లాక్కుంది. "మరిచిపోము. ఆ జాగా ఎవురొచ్చినా నిండదు. పక్కనే ఇంగో జాగా అయితాది, అంతే."

"ఊరికే ఓదార్చొద్దత్తా. నీకుండేది ఒక్క కొడుకు. నీకెట్ల తెలుస్తాది?"

కృపావతి కొంగుతో ముందు కోడలి కళ్ళు తుడిచింది, తర్వాత తన కళ్ళు.

"వాడొక్కడే అయితే, చిన్నోడా అని ఎందుకు పిలుస్తాండా మే?"